నాన్న రాసిన పద్దు పుస్తకం

(ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నేను బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఉపన్యాసాలు అలవాటు లేదు, లెక్కలు అలవాటు. కాబట్టి ఒక లెక్క గురించే చెబుతాను.

మాది కోలారు బంగారు గనుల ఊరు, కె.జి.ఎఫ్. 1880లో జాన్ టేలర్ కంపెనీ గనులు చేపట్టాక తమిళ జిల్లాల నుంచి, మన చిత్తూరు వైపు నుంచి ఎన్నో కుటుంబాలు కూలికి వచ్చాయి. 1902లోనే శివనసముద్రం నుంచి ఇక్కడికి కరెంటు వచ్చింది. గనులు మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగాయి. మా నాన్నగారు ఆ లోతుల్లో పనిచేశారు. బజారులో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు, బడిలో కన్నడం. తెలుగు మాత్రం ఇంట్లోనూ, ఆదివారం చర్చిలోనూ.

నాన్న చిన్నప్పుడు బడికి వెళ్లలేదు. చర్చిలో సాయంత్రం పూట పెద్దవాళ్లకు అక్షరాలు నేర్పేవారు. షిఫ్టు దిగి, స్నానం చేసి, పలక పట్టుకుని వెళ్లి, ముప్పై ఏళ్ల వయసులో తెలుగు నేర్చుకున్నారు. ముందు బైబిలు, తర్వాత కీర్తనల పుస్తకం. 1803లో గంజాం ప్రాంతంలో పుట్టిన పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలంటే ఆయనకు ప్రాణం. కొన్నాళ్లకు సంఘం వారు కానుకల లెక్క ఆయనకే అప్పగించారు.

నాన్న పోయి ఇరవై ఏళ్లు నిండాయని ఆ మధ్య అదే చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నాం. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. తెల్లవారకముందే మారికుప్పంలో రైలెక్కి బెంగళూరు పనులకు పోయి, రాత్రికి ఇల్లు చేరేవారు ఎందరో. చర్చిలో బెంచీలు సగమే నిండాయి. ప్రార్థన అయ్యాక పాస్టరు గారు బీరువాలోంచి ఒక పాత పుస్తకం తీసి నా చేతికిచ్చారు. అట్ట మీద నాన్న చేతిరాత.

నేను బి.కాం. చదివి, ఏళ్ల తరబడి లెడ్జర్లు చూసినవాణ్ణి. ఆ పుస్తకంలో నాకు తప్పు దొరకలేదు. జమ, ఖర్చు, నిలవ. నెల చివర ఇద్దరు పెద్దల సంతకాలు. పిడికెడు బియ్యం అమ్మగా వచ్చిన డబ్బు పైసలతో సహా రాసి ఉంది. ప్రతి జూన్‌లో ‘పిల్లల పుస్తకాలకు’ అని ఒక పద్దు. ఒక ఏడు 18 రూపాయలు, ఒక ఏడు 25. ఎవరికి ఇచ్చారో పేరు లేదు. కిరసనాయిలు కొన్న కొట్టు పేరు కూడా రాసిన మనిషి, ఇక్కడ పేరు రాయలేదు.

పక్కన కూర్చున్న పెద్దాయన చెప్పారు: “మేమూ అడిగాం బాబూ. ఆ పిల్లలు రేపు పెద్దవాళ్లయి ఈ పుస్తకం చూస్తారు కదా, అన్నాడు మీ నాన్న.”

ఇంకొన్ని పేజీల తర్వాత జమ వైపు ‘పుస్తకాల బాకీ అని ఒకరు తెచ్చి ఇచ్చినది, 100 రూపాయలు’ అని ఉంది. అక్కడా పేరు లేదు. ఎవరూ అడగని బాకీ అది.

ట్రస్టు పెద్దలకు ఒక మనవి. మనకు ఆడిట్ ఉంది, పేర్లు రాయక తప్పదు. అయితే వేదిక మీద పిల్లల మార్కులు చదువుదాం. వాళ్ల ఇంటి ఇబ్బందులు ఫైలులోనే ఉండనిద్దాం.

తల్లిదండ్రులకు ఒక మాట. ఈ సాయం చాలకపోతే పిల్లల చదువు మాన్పించకండి. కేంద్ర ప్రభుత్వం 2015లో పెట్టిన హామీ నిధి పథకం కింద, అర్హత ఉన్న విద్యారుణాలకు ఏడున్నర లక్షల వరకు తాకట్టు గానీ, బయటివారి పూచీ గానీ అక్కర్లేదు. బ్యాంకు బ్రాంచికి వెళ్లి ధైర్యంగా అడగండి.

పిల్లలూ, మీరు ఏ మీడియంలో చదివినా ఇంట్లో తెలుగు చదవడం నేర్చుకోండి. అది రాకపోతే నాన్న పుస్తకం నాకు ఒట్టి కాగితాల కట్టే అయ్యేది. ఉద్యోగం వచ్చాక, మీ వెనక వచ్చే ఒక బిడ్డ పుస్తకాలకు ఎంతో కొంత జమ చేయండి. పేరు రాయించుకున్నా సరే, రాయించుకోకపోయినా సరే.

మీ అందరికీ దేవుని దీవెనలు కలుగుగాక. సెలవు.