నిద్ర లేవగానే మన నోట మొదటి మాట
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మాకు అప్పగించిన విషయం చాలా చిన్నది. నిద్ర లేవగానే చదివే దుఆ. అర నిమిషం పట్టదు. వుజూ అక్కర్లేదు, ఖిబ్లా వైపు తిరగనక్కర్లేదు, మంచమైనా దిగనక్కర్లేదు. నమాజు మినహాయింపు ఉన్న రోజుల్లో ఆడవారు సైతం చదువుకోవచ్చును. ఇంత సులువైనది గనుకనే దానిని పోగొట్టుకుంటున్నామేమోనని మా అనుమానం.

ఆ దుఆలో మనం చెప్పుకొనేదేమిటి? నిద్ర ఒక విధమైన మరణం. రాత్రంతా మన ప్రాణం మన చేతిలో లేదు. దానిని తిరిగి ఇచ్చిన అల్లాహ్‌కు కృతజ్ఞత చెప్పుకొని, చివరికి లేచి ఆయన సన్నిధికే చేరాలని గుర్తు చేసుకుంటాం. చివర వచ్చే 'నుషూర్' అన్న మాటకు సమాధి నుండి లేవడమని అర్థం. పక్క మీద నుండి లేస్తూ ప్రళయదినాన లేవడాన్ని తలచుకోవడమన్నమాట! మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వారు పడుకొనేటప్పుడు ఒక దుఆ, లేచాక ఈ దుఆ చదివేవారని హజ్రత్ హుజైఫా (రజి) చెప్పినట్లు బుఖారీ గ్రంథంలో ఉంది. దివ్య ఖురాన్ జుమర్ సూరా 42వ ఆయతులోనూ ఇదే సంగతి కలదు. నిద్రలో తీసుకున్న ప్రాణాలలో కొన్నిటిని అల్లాహ్ ఆపివేస్తాడు, కొన్నిటిని గడువు వరకు తిరిగి పంపుతాడు.

మన పిల్లల్లో చాలామందికి ఉర్దూ రాదు. తెలుగు లిపిలో రాసుకొని బట్టీ పడతారు. చక్కగా అప్పజెబుతారు, అర్థం అడిగితే మాత్రం నేలచూపులు! అర్థం తెలుగులో చెబితే దుఆ గౌరవం తగ్గుతుందనే పెద్దలు కొందరున్నారు. వారి మాటను మేము ఒప్పుకోలేము. ఖురాన్‌ను తెలుగులోకి మొట్టమొదట అనువదించినవారు హైందవ పండితులు, మన ఉత్తరాంధ్రకే చెందిన చిలుకూరి నారాయణరావు గారు. అదీ స్వాతంత్ర్యానికి ముందే. పరాయి మతంవారు అంత శ్రమపడ్డారు గదా, మన ఇంటి గుంటలకు నాలుగు ముక్కల అర్థం చెప్పడానికి మనకేం అడ్డు? అరబీ అరబీగానే చదువుదాం, అర్థం మాత్రం అమ్మ మాటలో ఉండనిద్దాం.

ఇప్పుడు కళ్లు తెరవకముందే చేయి సెల్‌ఫోను కోసం దిండు కింద తడుముతుంది. 1641లో ఫౌజ్దారు షేర్ ముహమ్మద్ ఖాన్ కట్టించిన శ్రీకాకుళం జామియా మసీదులో, నిద్ర కంటె నమాజు మేలని ముఅజ్జిన్ పిలుస్తూనే ఉంటాడు, మనం ఎవరి పెళ్లి ఫోటోలో చూస్తూ ఉంటాం. నిద్రపోయేవాని మెడ వెనుక షైతాను మూడు ముడులు వేస్తాడనీ, అల్లాహ్‌ను స్మరిస్తే ఒకటి, వుజూతో రెండోది, నమాజుతో మూడోది విడిపోతాయనీ హదీసు. మొదటి ముడి విప్పే పని మన నాలుకదే.

ఒక ప్రశ్న తరచు వస్తుంది. కష్టం మీద కష్టం పడి లేచినవాడు దేనికి కృతజ్ఞత చెప్పాలి? 2018 అక్టోబరు 11 తెల్లారగట్ల తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరీ, జీడీ తోటలు నేలకొరిగాయి. ఏళ్ల తరబడి పెంచిన చెట్లు పోయినవాడికి 'అల్‌హందులిల్లాహ్' అనమని చెప్పడం తేలిక కాదు, చెప్పేవాడి చెట్టు పడలేదు గనుక! అయితే దుఆ మాటలు జాగ్రత్తగా చూడండి. అందులో తోట లేదు, ఇల్లు లేదు, ఆరోగ్యం ఊసైనా లేదు. ప్రాణం తిరిగి వచ్చిందన్న ఒక్క సంగతే ఉంది. అన్నీ పోయిన ఉదయాన కూడా అబద్ధమాడకుండా చెప్పగల మాట అది. ఏడుస్తూ కూడా చెప్పవచ్చును.

రైల్వేలో రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకొనే తమ్ముళ్లు తమకీ ఇది వర్తిస్తుందా అని అడిగారు. ఏ వేళ లేచినా అదే దుఆ.

సంఘం వారికి ఒక్క మనవి. ఆదివారం పిల్లల తరగతిలో ఈ దుఆను అరబీలో, పక్కనే తెలుగు అర్థంతో బోర్డు మీద రాయించండి. తల్లులను కూడా పిలవండి, తెల్లవారి పిల్లలను లేపేది వారే. వస్సలాం.