అడ్వాన్సు ఇస్తే మనిషిని కొన్నట్టు కాదు

(సొంతంగా చిన్న పనులు పెట్టుకున్న దళితుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



ఇక్కడ కూచున్నోళ్లలో చానామంది తాతలు, తండ్రులు భూస్వాముల ఇండ్లల్లో జీతానికున్నోళ్లే. పెండ్లికో రోగానికో తెచ్చిన అప్పు తీరేది కాదు. తండ్రి బాకీకి కొడుకు గొడ్లకాడికి పోయేవాడు. ఈనాడు మీలో కొందరు రాయదుర్గంలో జీన్సు కుట్టు మిషన్లు పెట్టినారు. తాడిపత్రిలో బండల పాలిషు, ఊర్లలో ఇటుకల బట్టీ పెట్టినోళ్లున్నారు. నలుగురికి పని చూపిస్తున్నారు, సంతోషం. అయితే కూలి ఇచ్చే చెయ్యి మారితే చాలదు, ఇచ్చే పద్ధతి మారాల.

మొదటిది అడ్వాన్సు. వలస పోకుండా మనిషిని ఆపాలని పదివేలో ఇరవైవేలో ముందే ఇస్తాము. ఇవ్వడం తప్పు కాదు. "బాకీ తీరేదాకా ఇంకోచోటికి పోకూడదు" అంటే అది వెట్టి. 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కింద ఆ బాకీయే రద్దు. వెట్టి చేయించినోనికి మూడేండ్ల దాకా జైలు. అది వెట్టి బాకీ కాదని రుజువు చేసుకోవలసింది అప్పిచ్చినోడే.

రెండోది కూలి. కనీస వేతనాల బిల్లును 1946లో కేంద్ర శాసనసభలో పెట్టింది కార్మిక శాఖ చూస్తున్న మన బాబాసాహెబే. అది 1948లో చట్టమైంది. ఇప్పుడు దాని స్థానంలో 2019 వేతనాల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉంది. ప్యాంటుకింత అని ముక్కల లెక్కన ఇచ్చినా, రోజు కూలి ప్రభుత్వం కట్టిన రేటుకు తగ్గకూడదు. ఎక్కువ గంటలు చేయిస్తే ఆ గంటలకు రెట్టింపు. ఒకే పనికి ఆడమనిషికొక కూలి, మగమనిషికొక కూలి కుదరదు. పని మానేసినోనికి రెండు పనిదినాల్లో లెక్క తేల్చియ్యాల.

"కరువు సీమలో ఇదంతా యాడ కుదురుతాది?" అంటారు. ఈ మాట రాజస్థాన్ ప్రభుత్వం కూడా అనింది. కరువు పనులకు కనీస కూలి వర్తించదని చట్టమే చేసుకుంది. 1983లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. కనీస కూలి కంటే తక్కువకు చేయించుకుంటే అది రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టేనని అంతకు ముందే, 1982లో, ఢిల్లీ ఏషియాడ్ కూలీల కేసులో చెప్పింది. ఆకలికి ఒప్పుకున్నాడంటే ఇష్టంగా ఒప్పుకున్నట్టు కాదు. ఈ సంగతి మనకంటే ఎవరికి తెలుసు?

మూడోది కాగితం. మస్టరంటే మనకు కొత్త కాదు. 2006 ఫిబ్రవరి 2న మన నార్పల మండలం బండ్లపల్లిలోనే ఉపాధి హామీ మొదలైంది. మస్టర్లో పేరు లేకుంటే కూలి లేదని కొట్లాడినోళ్లం మనం. మన షెడ్డులోనూ అదే పెట్టాల: పేరు, హాజరు, కూలి, ఇచ్చిన అడ్వాన్సు, పట్టుకున్నదెంత, సంతకమో వేలిముద్రో. పనిలో చేర్చుకునేటప్పుడే రేటు రాసి చేతికియ్యాల. రేపు తగాదా వస్తే ఆ పుస్తకమే కూలోనికీ, మీకూ సాక్షి.

14 ఏండ్లు నిండని పిల్లల్ని పనిలో పెట్టుకోవద్దు. 18 నిండనోళ్లను ప్రమాదకరమైన పనుల్లో పెట్టుకోవద్దు. మిషన్లో వేలు పోతే పరిహారం బాధ్యత యజమానిది. "వాడు చూసుకోలేదు" అని తప్పించుకోవద్దు. పనోళ్లు 10 మంది అయితే ఈఎస్ఐ, 20 మంది అయితే పీఎఫ్ సంగతి కనుక్కోండి. 10 మంది ఉన్నచోట ఆడోళ్ల ఫిర్యాదులు వినే కమిటీ కూడా 2013 చట్టం ప్రకారం ఉండాల.

మిగలదనే మాటలో నిజముంది. సరుకు తీసుకునే షావుకారి రేటు తొక్కుతాడు. దానికి మందు కూలోని పొట్ట కొట్టడం కాదు. పది మంది కలిసి, కనీస కూలి లెక్కేసి, ఇంతకు తక్కువకు కుట్టమని షావుకారికి చెప్పాల. ఒక్కడే అడిగితే ఇంకోని దగ్గరికి పోతాడు, అందరూ అడిగితే యాడికి పోతాడు?

మన తాతల్ని కట్టేసిన అప్పు పత్రాన్ని మన చేత్తో మళ్లీ రాయొద్దు. రేపు పొద్దున షెడ్డు తెరిచేముందు ఒక మస్టరు పుస్తకం కొనండి.

జై భీమ్!