ఆట నిలిపినవారు
(మన సంఘము ఉగాది ఉత్సవములలో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాది సభలో పేకముక్కల ప్రసంగమేమిటని పెద్దలకు తోచవచ్చు. మన ఇండ్లలో పేక అనే మాట వినిపిస్తే చాలు, పెద్దవారి కనుబొమలు ముడిపడతాయి. మూడు ముక్కలాటలో ఇల్లు గుల్ల చేసుకున్నవారి కథలు ప్రతి కాలనీలోనూ ఉన్నవే. మేము ఆ ఆట గురించి మాట్లాడబోవడం లేదు. డబ్బు పందెము లేకుండా, ఎక్కువగా బుద్ధిబలము మీద ఆధారపడి ఆడే మరొక తరహా కార్డుల ఆటలు కలవు. వాటిలో కొన్నింటిని తయారుచేసి అమ్మిన కంపెనీలు చేతులు దులుపుకొని వెళ్ళిపోయిన తరువాత, ఆడేవారే జీతము బత్తెము లేకుండా సంఘములు పెట్టుకొని వాటిని ఏండ్ల తరబడి నడుపుతున్నారు. ఆ సంఘములు నడిచే తీరు మన సంఘమునకు పనికివస్తుందని తోచి యీ నాలుగు మాటలు మనవి చేస్తున్నాము.

ముందుగా ఆట స్వరూపము చెప్పాలి. 1993లో అమెరికాలో విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ అనే కంపెనీ మ్యాజిక్: ది గ్యాదరింగ్ అనే ఆటను విడుదల చేసింది. దానిని కల్పించినవాడు రిచర్డ్ గార్‌ఫీల్డ్ అనే గణితశాస్త్రజ్ఞుడు. మన పేకలో 52 ముక్కలుంటాయి; అందరూ ఆ ముక్కలతోనే ఆడతారు. ఈ ఆటలో అట్లా కాదు. వందలు, వేలు రకాల కార్డులుంటాయి. ప్రతి కార్డు మీదా ఒక బొమ్మ, దాని కింద ఆ కార్డు చేయగల పని అచ్చు వేసి ఉంటాయి. ఎవరి కట్టను వారు తమకు తోచిన కార్డులతో ఇంటి దగ్గరే కూర్చుకొని వస్తారు. ఆటలో సగము ఆ కూర్పులోనే ఉన్నది. కార్డులను మూసిన పొట్లాలలో అమ్ముతారు. లోపల ఏవి ఉన్నవో విప్పితేగాని తెలియదు. కొన్ని అరుదుగా దొరుకుతాయి. పిల్లలు తపాలాబిళ్ళలు సేకరించినట్లు వీటిని సేకరిస్తారు, ఒకరికొకరు మార్చుకుంటారు. పొట్లము విప్పడంలో అదృష్టపరీక్ష వాసన కొంత ఉన్నమాట నిజమే. ఆ లోపాన్ని దాచనక్కరలేదు.

మన 52 ముక్కల పేకకు యజమాని ఎవరూ లేరు. ఏ కంపెనీ మూతబడినా రమ్మీ ఆగదు. ఈ కొత్త ఆటల సంగతి వేరు. కొత్త కార్డులు వేసేది కంపెనీ, నిబంధనలలో తగాదా వస్తే తీర్పు చెప్పేది కంపెనీ, పోటీలు పెట్టేది, బహుమతులు పంపేది కంపెనీ. అది తప్పుకొన్న నాడు కార్డులు ఎవరి పెట్టెలో వారికి భద్రముగానే ఉంటాయి. కాని సంవత్సరము తిరిగేసరికి ఎదుట కూర్చుని ఆడే మనిషి ఉండడు. ఎదుటివాడు లేని చోట వేయి కార్డులున్నా ఆట లేదు.

ఇట్టి కష్టము మొదట వచ్చినవాటిలో ఒకటి స్టార్ వార్స్ సినిమాల కథ మీద అల్లిన కార్డుల ఆటకు. డెసిఫర్ అనే అమెరికా కంపెనీ దానిని 1995 డిసెంబరులో మొదలుపెట్టింది. 2001 చివర ఆ కంపెనీకి లైసెన్సు పోయింది. అంతటితో ఆట ముగియవలసినదే. కాని 2002లో ఆటగాళ్ళ కమిటీ ఒకటి ఏర్పడి బాధ్యత నెత్తిన వేసుకున్నది. కొత్త కార్డులు అచ్చువేసి అమ్మే హక్కు వారికి లేదు. అందుచేత వారొక ఉపాయము చేశారు. కొత్త పాఠము గల చీటీని తయారుచేసి ఉచితముగా ఇస్తారు. ఎవరి ఇంట వారు దానిని కాగితము మీద అచ్చువేసుకొని, కత్తిరించి, పాత కార్డు మీద ఉంచి రెండింటినీ కలిపి ప్లాస్టిక్ తొడుగులో పెట్టుకుంటారు. పనికిరాదని మూలపడేసిన పాత కార్డుకు దానితో కొత్త ప్రాణము వస్తుంది.

రైల్వేవారికి యీ ఉపాయము కొత్తది కాదు. మన జనరల్ రూల్సు పుస్తకములో నిబంధన మారినప్పుడల్లా పుస్తకము పారవేయము. కరెక్షన్ స్లిప్పు వస్తుంది, దానిని పాత పేరా మీద అతికించుకుంటాము. పుస్తకము పాతదే, నడిచే రూలు కొత్తది. చీటీ అతికించుకోనివాడు పాత రూలు పట్టుకొని పని చేస్తే ఏమి జరుగుతుందో మనలో చాలామందికి చెప్పనక్కరలేదు.

అదే డెసిఫర్ కంపెనీ 1994 నుండి నడిపిన స్టార్ ట్రెక్ కార్డుల ఆట కూడా 2007 చివర ఆగిపోయింది. దానికీ ఆడేవారే కంటిన్యూయింగ్ కమిటీ అని ఒక సంఘము పెట్టుకొని, యీ చీటీల మార్గమునే పట్టారు.

మూడవది నెట్‌రన్నర్. దీనిని కూడా గార్‌ఫీల్డే 1996లో కల్పించాడు. ఇద్దరాడే ఆట. ఒకరు ఒక పెద్ద కంపెనీ పక్షము. రెండవవారు ఆ కంపెనీ కంప్యూటర్లలోనికి చొరబడే దొంగ పక్షము. ఒకరి పని దాచడము, మరొకరి పని కనిపెట్టడము. ఇద్దరి కార్డులూ వేరు, ఆడే తీరూ వేరు. 2012లో ఫాంటసీ ఫ్లైట్ గేమ్స్ అనే కంపెనీ దానిని ఆండ్రాయిడ్: నెట్‌రన్నర్ అనే పేరుతో తిరిగి తెచ్చింది. ఈసారి పొట్లాల అదృష్టము తీసివేశారు. ఏ పెట్టెలో ఏ కార్డులున్నవో ముందే తెలిసి కొనవచ్చు. 2018 జూన్‌లో లైసెన్సు ముగుస్తున్నదని ప్రకటన వచ్చింది. ఆ సంవత్సరము అక్టోబరు 22 తరువాత కంపెనీ అమ్మకము నిలిపింది.

ఆ 2018లోనే ఆటగాళ్ళు నిసేయి అనే పేరుతో సంఘము పెట్టారు. జపాను భాషలో ఆ మాటకు రెండవ తరమని అర్థము. పరదేశము వెళ్ళిన జపానువారి సంతానమును అట్లా అంటారు. పొట్ట చేతపట్టుకొని యీ ఊరు వచ్చినవారి బిడ్డలమైన మనకు ఆ మాట బరువు వేరే చెప్పనక్కరలేదు. 2022లో ఆ సంఘము పేరు నల్ సిగ్నల్ గేమ్స్ అని మారింది. 2019 మార్చిలో తమ మొదటి కొత్త కార్డుల సంపుటిని వారు విడుదల చేశారు. పాత బొమ్మలు కంపెనీవి గనుక కొత్త బొమ్మలు వేయించుకున్నారు. 2019లో ప్రపంచ పోటీ రోటర్‌డాములో జరిపారు. కరోనా వచ్చిన 2020లో పోటీని కంప్యూటర్ల మీదనే నడిపారు. 2022లో టొరంటోలో, 2023లో బార్సిలోనాలో తిరిగి ఎదురెదురుగా కూర్చుని ఆడారు. కంపెనీ వదిలిన ఆట ఇట్లా ఊరూరా తిరుగుతూనే ఉన్నది.

ఇక వీరు పని నడుపుకొనే తీరు చూద్దాము. బయటివారికి కనిపించేది కొత్త కార్డు మాత్రమే. దాని వెనుక పని పంపకము ఉన్నది. కార్డును ఊహించేవారు ఒకరు. దానిని నెలల తరబడి ఆడి చూచి, మరీ బలమైనదైతే తగ్గించేవారు మరొకరు. నిబంధనల మాట సరిచూచేవారు, బొమ్మల సంగతి చూచేవారు, పోటీలు పెట్టేవారు వేరువేరు. సంసారమూ ఉద్యోగమూ గల మనుషులే సాయంత్రాలు వెచ్చించి యీ పనులు చేస్తున్నారు.

అన్నిటికన్న కష్టమైనది నిబంధనల పని. రెండు కార్డులు ఒకేసారి పడినప్పుడు ఏది ముందు పనిచేయాలన్న తగాదా రానే వస్తుంది. నిన్నటిదాకా కంపెనీ తీర్పు చెప్పేది. ఇప్పుడు చెప్పేది తనవంటి మరొక ఆటగాడే. "నీకు అధికారము ఎవరిచ్చారు?" అని అడిగితే ఏమి జవాబు? చట్టము ఇవ్వలేదు, డబ్బు ఇవ్వలేదు. ఆడేవారు ఒప్పుకున్నంతవరకే ఆ అధికారము. అందుచేత వారు నిబంధనలన్నీ ఒక్కచోట పూర్తిగా వ్రాసి అందరికీ అందుబాటులో ఉంచారు. ఫలానా కార్డు ఆటను పాడుచేస్తున్నదని నిషేధించినప్పుడు కారణము కూడా చెప్పుకోవలసి ఉంటుంది. తన ముద్దుల కార్డు పోయినవాడు కోప్పడతాడు. ఈ కొత్త కార్డులు మాకక్కరలేదు, పాతవాటితోనే ఆడుకుంటామని వేరుపడినవారూ ఉన్నారు. వారిని బలవంతము చేయడానికి వీలు లేదు. మిగిలినవారిని నిలుపుకొనే మార్గము ఒక్కటే: చేసిన పని అందరి ఎదుట చేయడము.

రెండవది పోటీ నడిపే తీరు. మన క్యారమ్స్ పోటీలలో ఒక్కసారి ఓడినవాడు ఇంటికి పోతాడు. పదహారుమంది వస్తే మొదటి గంటలోనే ఎనిమిదిమంది చొక్కాలు తొడుక్కుంటారు. వీరు చదరంగమువారి స్విస్ పద్ధతిని పట్టారు. ప్రతి విడతలోనూ సమానమైన మార్కులున్నవారిని జతపరుస్తారు. ఓడినవాడు ఓడినవానితో, గెలిచినవాడు గెలిచినవానితో ఆడతారు. ఏ ఆటా సమముగా ముగియకపోతే నాలుగు విడతలలో అన్నీ గెలిచినవాడు ఒక్కడే మిగులుతాడు. అయినప్పటికీ తక్కిన పదిహేనుమంది నాలుగు ఆటలూ ఆడుకొనే పోతారు. రాకరాక వచ్చినవానికి తన జోడువాడు దొరుకుతాడు. వాడు మళ్ళీ వచ్చే నెల వస్తాడు. స్వచ్ఛంద సంఘమునకు ప్రాణము ఆ మళ్ళీ రావడములోనే ఉన్నది.

మూడవది కొత్తవాని కొరకు తలుపు తెరవడము. ఇది అన్నిటికంటె ముఖ్యము. కంపెనీ పోయిన తరువాత పాత కార్డులు అంగడిలో దొరకవు. దొరికినా ధర మండిపోతుంది. పదేండ్లుగా ఆడుతున్నవానికి పెట్టెనిండా కార్డులు. కొత్తగా వచ్చినవాడు వట్టి చేతులతో గుమ్మములో నిలబడతాడు. అట్లా వదిలిపెడితే ఉన్నవారు ఒక్కొక్కరే తగ్గి ఆట తనంతట తానే ఆరిపోతుంది. నల్ సిగ్నల్‌వారు 2021లో సిస్టమ్ గేట్‌వే అనే పెట్టెను తెచ్చారు. పాత కార్డు ఒక్కటీ లేనివాడు దానితో ఆట నేర్చుకోవచ్చు. మనకు పెద్దబాలశిక్ష ఎట్లాంటిదో వారికది అట్లాంటిది. కార్డులను ఇంటి దగ్గర అచ్చువేసుకోవడానికి ఉచితముగా కూడా ఇస్తున్నారు. అట్టి కార్డులతో పోటీలలో ఆడనిస్తారు. సేకరించినవాని గొప్పతనము కొంత తగ్గి ఉండవచ్చు. ఆడేవాని దారి మాత్రము తెరుచుకున్నది.

నాలుగవది అప్పగింత. మన రైల్వేలో ఒక గుమాస్తా బదిలీ అయితే చార్జి అప్పగించి, తాళాలు, రిజిస్టర్లు లెక్క చూపి, సంతకము పుచ్చుకోవాలి. స్వచ్ఛంద సేవకునికి బదిలీ ఆర్డరు రాదు. పెండ్లి అవుతుంది, బిడ్డ పుడుతుంది, ఆరోగ్యము చెడుతుంది, ఒకనాడు రాడు. అతని తలలో ఉన్నదంతా అతనితో పోతుంది. అందుకే యీ తరహా సంఘాలలో ఒక పని ఒక్కని చేతిలోనే ఉంచడము అన్నిటికన్న పెద్ద అపాయము. పనిమంతుడు దొరికాడని సంతోషించి అన్నీ అతని మీదనే వేస్తే అతడు అలసిన రోజున సంఘము కూడా మంచమెక్కుతుంది.

ఇక మన ఒడిశా వంక చూడండి. పూరీకి దగ్గర రఘురాజపురములో చిత్రకారులు గంజపా అనే గుండ్రని ముక్కలు తయారుచేస్తారు. గుడ్డపొరలకు చింతగింజల జిగురు, సుద్ద పట్టించి, ఎండబెట్టి, చేతితో బొమ్మలు వేస్తారు. ఒక రకపు కట్టలో ఎనిమిది రంగులు, రంగుకు పన్నెండు చొప్పున 96 ముక్కలు. ఎంతో అందమైన వస్తువు. యాత్రికులు కొనుక్కొని పోయి గోడకు తగిలించుకుంటారు. కాని ఆ ముక్కలు పంచుకొని ఆడేవారు మాత్రము చాలా తగ్గిపోయారు. అక్కడ వస్తువు నిలిచింది, ఆట సన్నగిల్లింది. ఇందాక చెప్పిన సంఘాలవద్ద కంపెనీ వస్తువు పోయింది, చీటీలతోనైనా ఆట నిలిచింది. వస్తువు నిలవడము వేరు, ఆట నిలవడము వేరు.

ఈ మాట మన తెలుగుకు కూడా వర్తిస్తుందని మా మనవి. మన సంఘము బోర్డు మీద తెలుగు అక్షరాలున్నాయి. ఉగాదికి పచ్చడి ఉన్నది, పంచాంగ శ్రవణము ఉన్నది, యీ సంచిక ఉన్నది. ఇవన్నీ గోడకు తగిలించిన గంజపా ముక్కలు కాకూడదు. మన పిల్లలలో చాలామంది ఇంట్లో తెలుగు విని ఒడియాలోనో హిందీలోనో జవాబు చెప్తున్నారు. వాడు ధైర్యము చేసి ఒక తెలుగు మాట తప్పుగా అంటే మనము నలుగురమూ నవ్వుతాము. వాడు మళ్ళీ ఎందుకు పలుకుతాడు? మొదటి ఆటలోనే చిత్తుచేసి ఎగతాళి చేస్తే కొత్త ఆటగాడు రెండవనాడు రాడు. ఇదీ అంతే.

కాబట్టి కార్యవర్గమువారికి మూడు విన్నపములు. ఒకటి: సంఘములో ప్రతి పనికీ ఇద్దరు మనుషులు ఉండాలి, చేసే తీరు ఒక నోటుపుస్తకములో వ్రాసి ఉంచాలి. రెండు: చందాల లెక్క, తీర్మానముల కారణములు గోడమీద అంటించాలి, అడిగినవారికి చెప్పడము వేరు, అడగకముందే చూపడము వేరు. మూడు: అక్షరమైనా రాని పిల్లవానితో మొదలుపెట్టే తెలుగు తరగతి వారమునకు ఒక్క గంటయినా నడవాలి. అక్కడ తప్పు మాట్లాడినవానిని చూచి ఎవరూ నవ్వకూడదు. వానికి సరిజోడు పిల్లవానినే ఎదుట కూర్చోబెట్టాలి.

ఇక్కడ మన భాషకు కంపెనీ అంటూ ఎప్పుడూ లేదు. తెచ్చినవారు మన తాతలు, నడపవలసినవారము మనము. ఎదుట కూర్చుని తెలుగులో బదులు పలికే మనిషి ఒకడున్నంతకాలము మన ఆట సాగుతుంది. ఆ మనిషిని తయారుచేయడమే సంఘము పని.