ఎయిర్ ఇండియా విమానములు – నాడును నేడును

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



ఉదయగిరి, ఆత్మకూరు సీమలలో మనుచరిత్రము కథ వినని పెద్దలు అరుదు. పెద్దన గారి ప్రవరుడు సిద్ధుడిచ్చిన పాదలేపము పూసికొని హిమాలయమునకు ఎగిరిపోయెను. పోవుట క్షణములో జరిగినది. అచట మంచు తగిలి లేపము కరగిపోగా, ఇల్లు చేరు దారి లేక ఆ బ్రాహ్మణుడు పడిన వేదనయే కథకు ప్రాణము. ఆకాశమార్గమున పోవుట ఒక ఎత్తు, మరలి ఇల్లు చేరుట ఒక ఎత్తు. దేశము పేర నడచిన విమాన సంస్థకును ఈ కొలతయే తగినది. ఎన్ని విమానములు కొనిరి, అవి ఎంత పెద్దవి యనుట చిట్టాలో సగము మాత్రమే. ఆపదలో అవి ఎవరిని ఇల్లు చేర్చినవి యనుట తక్కిన సగము.

ఈ చిట్టాలో మొదటి పద్దు 1932 అక్టోబరు 15వ తేదీది. ఆ దినమున జె.ఆర్.డి. టాటా పుస్ మాత్ అను ఒంటి ఇంజను విమానమును కరాచీ నుండి అహమ్మదాబాదు మీదుగా బొంబాయికి తానే నడపెను. అందున్నది టపా మాత్రమే. బొంబాయి నుండి నెవిల్ విన్సెంట్ ఆ టపాను బళ్ళారి మీదుగా మద్రాసు చేర్చెను. నెల్లూరు వలెనే బళ్ళారియు ఆనాడు మద్రాసు రాజధానిలోనిదే. బొంబాయిలోని జుహూ మైదానము వానకాలమున నీట మునుగుచుండుటచే, ఆ నెలలలో విమానములను పూనాకు తరలించుచుండిరి. ఇట్టి చిన్న సంస్థయే 1946లో ఎయిర్ ఇండియా అను పేరు దాల్చెను. 1948 జూను 8వ తేదీన "మలబార్ ప్రిన్సెస్" అను నాలుగు ఇంజనుల కాన్‌స్టెలేషన్ విమానము బొంబాయి నుండి కైరో, జెనీవాల మీదుగా లండనునకు బయలుదేరెను. పదునారు సంవత్సరములలో టపా సంచి నుండి సముద్రాంతర ప్రయాణము వరకు సాగిన వృద్ధి యిది.

తెలుగువారికి ఇందు వేరొక పద్దు కలదు. 1945లో నిజాం ప్రభుత్వ రైల్వేయు టాటా సంస్థయు కలసి హైదరాబాదున డెక్కన్ ఎయిర్‌వేస్‌ను స్థాపించినవి. బేగంపేట దాని నెలవు. డకోటా విమానములు దాని సొత్తు. భారతదేశమున ప్రయాణికుల విమానము నడపిన తొలి మహిళగా పేరొందిన ప్రేమ్ మాథుర్‌కు పని యిచ్చినదియు ఈ సంస్థయే. 1949లో ఆరంభమైన రాత్రి టపా ఏర్పాటును గూడ ఇచట తలపవలెను. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల నుండి బయలుదేరిన విమానములు అర్ధరాత్రి నాగపురమున కలిసికొని, సంచులు మార్చుకొని, తెల్లవారునప్పటికి తమ తమ ఊళ్ళకు మరలివచ్చుచుండెడివి. విమానము ఎక్కని వాని ఉత్తరము సైతము విమానములో పోయినది.

1953లో పార్లమెంటు చేసిన శాసనముచే విమాన సంస్థలు జాతీయమైనవి. విదేశయానము ఎయిర్ ఇండియాకును, స్వదేశయానము ఇండియన్ ఎయిర్‌లైన్స్‌కును వచ్చెను. డెక్కన్ ఎయిర్‌వేస్‌తో గూడ ఎనిమిది సంస్థల సొత్తు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో లీనమైనది. ఆనాటి అప్పగింత పట్టికలో విమానములు 99. వానిలో 74 డకోటాలు, 12 వైకింగులు, 3 స్కైమాస్టరులు, తక్కినవి చిన్నవి. డకోటాలు రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన పిదప మిగిలిపోగా చవుకగా దొరకినవి. ఆ పిమ్మట 1957లో వైకౌంటు, 1961లో ఫాకర్ ఫ్రెండ్‌షిప్, తరువాత కారవెల్ జెట్టు, కాన్పూరున మన దేశములోనే తయారైన ఆవ్రో, 1970 దశకారంభమున బోయింగ్ 737, 1976లో ఎయిర్‌బస్ ఎ-300, 1989లో ఎ-320 వరుసగా చేరినవి.

ఎయిర్ ఇండియా 1960లో బోయింగ్ 707 జెట్టును కొని, 1962 నాటికి ప్రొపెల్లరు విమానములను పూర్తిగా విడిచెను. తన విమానములకు పేరులు పెట్టుట ఆ సంస్థకు ఆచారము. కాన్‌స్టెలేషనులు రాకుమార్తెలు, 707లు హిమాలయ శిఖరములు, 1971లో వచ్చిన బోయింగ్ 747లు చక్రవర్తులు. అశోకుడు, కనిష్కుడు, రాజేంద్రచోళుడు, విక్రమాదిత్యుడు ఆ వరుసలోనివారు. శ్రీకృష్ణదేవరాయలును వారిలో ఒకడు. 1514లో గజపతుల నుండి ఉదయగిరి దుర్గమును గైకొన్న ఆ రాయల పేరు మూడువందలకు మించిన ప్రయాణికులను మోయు విమానముపై లోకము చుట్టినది.

పేరులు ఘనమైనంత మాత్రమున ఆపదలు తప్పలేదు. మలబార్ ప్రిన్సెస్ 1950లోను, కాంచనగంగ పేరు గల 707 విమానము 1966లోను ఆల్ప్సు పర్వతములలోని మోబ్లా శిఖరమునకు తగిలి నశించినవి. రెండవ దానిలో శాస్త్రజ్ఞుడు హోమీ భాభా మరణించెను. 1978 జనవరి 1వ తేదీన అశోక విమానము బొంబాయి సముద్రమున పడిపోయెను. 1985లో కనిష్కలో పెట్టిన బాంబు 329 మందిని బలిగొన్నది. 2025 జూను 12వ తేదీన అహమ్మదాబాదున కూలిన బోయింగ్ 787లో 242 మంది యుండగా ఒక్కడే బ్రతికెను. ఖర్చు వ్రాయని చిట్టా సత్యమైనది కాదు గనుక వీనిని చెప్పక తప్పదు.

ఇక జమ వైపున మిక్కిలి పెద్ద పద్దు. 1990 ఆగస్టు 2వ తేదీన ఇరాకు సేనలు కువైటును ఆక్రమించెను. అచట కూలినాలి చేసికొనుచు, ఇంటికి నెలనెలా డబ్బు పంపుచుండిన మనవారు ఒక్క పూటలో ప్రవరుని వంటివారైరి. చేతి పైకము చెల్లక, పని లేక, దారి తెలియక మిగిలిరి. ఇరాకు మీదుగా ఎడారిదారిని జోర్డాను దేశపు అమ్మాను నగరమునకు చేరిరి. ఆగస్టు 13 మొదలు అక్టోబరు 11 వరకు 59 దినములలో, ఇండియన్ ఎయిర్‌లైన్స్ తోడ్పాటుతో ఎయిర్ ఇండియా 488 మారులు విమానములు నడపి, లక్షా పదకొండు వేలకు పైగా జనమును బొంబాయి చేర్చెను. పౌర విమానములు ఇంతమందిని తరలించుట ప్రపంచమున మునుపెన్నడును లేదని గిన్నిస్ పుస్తకమున కెక్కినది. కూలివానికి ఆ రోజున ఆ విమానము పేరు అక్బరో, రాయలో తెలియదు. అది తన్ను ఇంటికి తెచ్చినదని మాత్రము తెలియును. 2020లో మహమ్మారి వలన దారులన్నియు మూతపడినప్పుడు, మే 7 నుండి గల్ఫు మొదలగు దేశములలో చిక్కినవారిని తెచ్చుటయు ఈ సంస్థతోడనే మొదలయ్యెను.

అయితే పుణ్యము అప్పు తీర్చదు. 2007లో రెండు సంస్థలను ఒకటి చేసిరి. అదే కాలమున పెక్కు కొత్త విమానములు కొనిరి. నష్టములు ఏటేట పేరుకొనినవి. తుదకు 2021లో 18,000 కోట్ల ధరకు పాట ముగిసి, 2022 జనవరి 27న సంస్థ టాటాల వశమయ్యెను. అందు 15,300 కోట్లు అప్పు మోయుటకు, 2,700 కోట్లు రొక్కము. పుష్పకము చేతులు మారి మారి తుదకు మొదటి యజమానియగు కుబేరుని చేరిన కథ రామాయణమున చదివినవారికి ఇది వింతగా తోచదు. 2023 ఫిబ్రవరిలో సంస్థ 470 విమానములకు బయానా పలికెను. ఆ యేటి డిసెంబరున మొదటి ఎ-350 వచ్చెను. 2024లో విస్తారా సంస్థ దీనిలో కలిసెను. ఆ యేటనే చక్రవర్తుల జాతికి చెందిన 747లు శాశ్వతముగా సెలవు తీసికొనినవి.

ఇప్పుడు అడుగదగిన ప్రశ్న యొకటి కలదు. సంస్థ ప్రభుత్వముది కానప్పుడు ఆపదలో చిక్కినవానిని ఎవరు తెత్తురు? 2022 ఫిబ్రవరిలో ఉక్రెయినున యుద్ధము వచ్చినప్పుడు దీనికి జవాబు దొరకినది. బుకారెస్టు నుండి విద్యార్థులను తెచ్చిన మొదటి విమానము ఎయిర్ ఇండియాదే. అప్పటికి అది చేతులు మారి నెల మాత్రమే. వెనువెంట ఇతర సంస్థల విమానములును, వైమానిక దళపు విమానములును పోయినవి. వ్యయము ప్రభుత్వము భరించెను. కనుక విమానము ఎవరి సొత్తయినను, తన ప్రజను తెచ్చుకొనవలెనను ప్రభుత్వ సంకల్పమును, అందుకై కేటాయించు ప్రజాధనమును ముఖ్యములు. ఆ సంకల్పమును సడలనీయక కనిపెట్టియుండుట పౌరుల విధి.

ఇది దూరపు సంగతి కాదు. నెల్లూరు జిల్లాలో నేటికిని ప్రయాణికుల విమానాశ్రయము లేదు. అయినను వాన చాలని ఈ మెట్ట ప్రాంతము నుండియు, పొరుగునున్న కడప జిల్లా నుండియు తిరుపతి, చెన్నపట్టణములకు పోయి, విమానమెక్కి గల్ఫు దేశములకు పనికై పోవువారు గలరు. పోవునప్పుడు పాదలేపము ఇచ్చు సిద్ధులు, అనగా దళారులు, వీధివీధిని దొరకుదురు. మంచు తగిలిన నాడు వారు కానరారు. పోదలచినవారు జీతమెంత, ఒడంబడిక ఏ భాషలో నున్నది, తిరుగు టిక్కెట్టు ఎవరిది, పాసుపోర్టు ఎవరి చేత నుండును అను నాలుగు విషయములను సంతకము చేయుటకు ముందే చదివి తెలిసికొనవలెను. చదువలేనివారికి చదివి చెప్పుటకు ఇట్టి గ్రంథాలయముల కంటె తగిన చోటు లేదు. ఇరువదియైదేండ్లుగా ఊరివారికి అక్షరము నందించిన ఈ సంస్థ అటువంటి కాగితములు చదివి పెట్టుటకు వారమునకొక సాయంకాలము కేటాయించినచో, ఈ రజతోత్సవమునకు అంతకు మించిన గుర్తు అక్కరలేదు.

గ్రంథాలయమునకు దీర్ఘాయువు కలుగుగాక. దూరదేశములందున్న మన బిడ్డలందరు క్షేమముగా ఇల్లు చేరుదురుగాక.