తడిపిన బలిపీఠము



రెడ్డిగూడెపు మామిడితోటల బిడ్డలైన స్నాతకులారా, దైవవిశ్వాసమను మాట విన్నపుడెల్ల నాకు హెబ్రీ ప్రవక్తయగు ఏలీయా జ్ఞప్తికి వచ్చును. ఏండ్ల తరబడి వాన లేక బీటలువారిన ఇశ్రాయేలు దేశమున, అహాబు రాజు సమక్షమున, కర్మెలు పర్వతముపై, బయలును కొలుచు 450 మంది ప్రవక్తల కెదురుగా తానొక్కడు నిలిచి, అగ్నిచేత ప్రత్యుత్తరమిచ్చువాడే దేవుడని ఆయన సవాలు చేసెను. అగ్ని కొరకు ఆయన చేసిన ప్రార్థన మిక్కిలి చిన్నది. దానికి ముందు చేసిన పని పెద్దది. కూలిన బలిపీఠమును 12 రాళ్ళతో మరల కట్టి, కట్టెలు పేర్చి, చుట్టును కందకము త్రవ్వి, నాలుగు తొట్ల నీళ్ళు మూడు మారులు వానిపై పోయించెను. బోరు అడుగంటిన వేసవిలో బిందెలతో మామిడిమొక్కలను బ్రతికించుకొన్న యింటి బిడ్డలకు ఆ నీటి విలువ నేను చెప్పనక్కరలేదు. నిప్పురవ్వ దాచెనన్న శంక చూపరులకు గాని, విఫలుడైనచో చెప్పుకొనుటకొక సాకు తనకు గాని మిగులకుండ, ఆయన తన కట్టెలను తానే తడిపించెను.

అట్టి నీళ్ళు మన తెలుగునేలపైనను పోయబడినవి. 1854 జనవరి 1 వేకువను మిషనరీలైన లైమన్ జూయెట్ దంపతులును ముగ్గురు తెలుగు క్రైస్తవులును ఒంగోలు కొండనెక్కి, ఆ యూరికొక బోధకుని పంపుమని ప్రార్థించిరి. ఆ బోధకుడుగా జాన్ క్లౌ అచటికి చేరుసరికి 1866 వచ్చినది. పిదప ధాతనామ సంవత్సరపు కరవు విరుచుకుపడగా, ఆయన బకింగ్‌హాము కాలువలో 3½ మైళ్ళ త్రవ్వకపు కాంట్రాక్టు తీసికొని, ఆకలితో వచ్చినవారికి పలుగు పారలిచ్చి కూలి కల్పించెను. మాదిగపల్లెలనుండి వచ్చిన జనులు బాప్తిస్మము కోరిరి, ఆయన ఈయలేదు. గింజలకొరకు మతము పుచ్చుకొనిరన్న నింద వారిపై పడరాదని కరవుపనులు సాగినంతకాలము నిరాకరించి, ఇక నా యొద్ద సహాయధనము లేదని చెప్పినను వారు కదలకపోగా, 1878 జులై 3న వెల్లంపల్లి చెంత గుండ్లకమ్మలో ఒక్కదినమున 2,222 మందికి బాప్తిస్మమిప్పించెను. లోకము ఆ సంఖ్యను కొనియాడినది. నాకు మాత్రము ఆ నిరాకరణమే ఘనతరముగ తోచును.

మీలో కొందరు రేపు మామిడి మార్కెట్టులో తూకము వేయుదురు, కొందరు బ్యాంకులో కూర్చుందురు. దేవుని నలుగురి యెదుట అడుగుటకు జంకకుడు. కాని అంతకు మునుపే తూకపు ముల్లును రైతువైపు త్రిప్పుడు, లెక్కలను బిగ్గరగా చదువుడు.

ఆ ప్రార్థనకు అగ్ని దిగిన పిమ్మట ఏలీయా జయధ్వానముల నడుమ నిలువలేదు. శిఖరమెక్కి, ముఖమును మోకాళ్ళ నడుమ ఉంచుకొని, వాన జాడ కొరకు సేవకుని సముద్రమువైపు మరల మరల పంపెను. ఏమియు లేదని వాడు చెప్పినప్పుడెల్ల గద్దింపక మరల పొమ్మనెను; ఏడవమారు మనిషి చేయియంత మేఘము కనబడినదనగానే, వాన అడ్డగింపకముందే రథము కట్టుకొమ్మని రాజునకు కబురంపెను. బిడ్డల పట్టప్రదానము చూడవచ్చిన తల్లిదండ్రులారా, ఈ పట్టము చేతబట్టుకొని పని వెదకుచు వెళ్ళి, ఆరవమారు రిక్తహస్తములతో ఇల్లు చేరిన బిడ్డను మీరును మరల పంపుడు.