బిడ్డను బిడ్డకే అప్పగించుట

1922వ సంవత్సరము జనవరి నెలలో కెనడా దేశపు టొరాంటో నగరమున పదునాలుగేండ్ల బాలుడొకడు ఆసుపత్రిలో మృత్యుముఖమున ఉండెను. అతని పేరు లియొనార్డ్ థాంప్సన్. బాంటింగు, బెస్టు అను పరిశోధకులు అంతకు ముందటి సంవత్సరము సాధించిన ఇన్సులిన్‌ను రోగిగా తొలుత పొందినవాడు అతడే. ఆ నెల 11వ తేదీన వేసిన మొదటి సూది అంతగా పని చేయలేదు. కాలిప్ అను శాస్త్రజ్ఞుడు మందును మరింత శుద్ధి చేసిన పిమ్మట 23వ తేదీన మరల ఇచ్చిరి. బాలుడు కోలుకొనెను. మరి పదమూడేండ్లు జీవించెను.

అంతకు పూర్వము ఈ రకపు మధుమేహము వచ్చిన పిల్లలు కొన్ని మాసములలోనో, ఒకటి రెండు సంవత్సరములలోనో కన్నుమూయుచుండిరి. అట్టి బిడ్డను పెద్దవానిగా, తన కాళ్ళపై తాను నిలుచువానిగా చేయుట ఎట్లు అను ప్రశ్న ఆ నాటి తల్లిదండ్రులకు రానేలేదు. నేడు మేము ప్రస్తావింపనున్నది ఆ ప్రశ్ననే. ఇది కష్టమైన ప్రశ్న. అయినను బిడ్డ బ్రదికి ఎదుగుచున్న ఇంటికి మాత్రమే వచ్చు ప్రశ్న గనుక దీనిని అదృష్టముగానే భావింపవలెను.

మాది తెనాలి దగ్గరి పల్లె. మా అమ్మాయికి తొమ్మిదవ యేట ఈ వ్యాధి కనిపించినది. ఇప్పుడు పదునైదేండ్లు నిండినవి. పదవ తరగతి పరీక్షలు వ్రాసినది. ఇంటర్మీడియట్ చదువుకు విజయవాడలో హాస్టలుకు పోవలెనని ఆమె పట్టుదల. ఈ ఆరేండ్లలో మేము నేర్చుకొన్న సంగతులను ఇట్టి బిడ్డలు గల ఇండ్లవారితో పంచుకొనుటయే ఈ ప్రసంగము ఉద్దేశము. వైద్యుని సలహాకు మా మాట బదులు కాజాలదని ముందుగానే మనవి చేయుచున్నాము.

పెద్దలకు నడివయస్సున వచ్చు చక్కెర వ్యాధికిని దీనికిని పేరు ఒకటే గాని కారణము వేరు. శరీరమును కాపాడవలసిన రక్షణ శక్తియే దారి తప్పి, క్లోమములో ఇన్సులిన్‌ను తయారు చేయు కణములను నాశనము చేయును. ఇది మిఠాయిలు తినుటవలన వచ్చినది కాదు. తల్లి చేసిన లోపము కాదు. మాత్రలతోగాని, కాకర రసముతోగాని పోవునది కాదు. బయటనుండి ఇన్సులిన్ అందనిచో కొద్ది దినములలోనే ప్రాణము మీదికి వచ్చును.

కావున ప్రతి దినమును నాలుగైదు సూదులు, అనేక పర్యాయములు వ్రేలి కొనను పొడిచి రక్తపరీక్ష, భోజనమునకు ముందు పళ్ళెములోని పిండిపదార్థము లెక్క తప్పవు. నూరు గ్రాముల అన్నములో సుమారు 28 గ్రాముల పిండిపదార్థము ఉండును. దానికి తగిన ఇన్సులిన్ ఎంత, ఈ సాయంత్రము ఆటలాడినచో ఎంత తగ్గింపవలెను, ఇట్టి లెక్కలు పండుగనాడును ఆగవు. తొమ్మిదేండ్ల బిడ్డకు ఈ పనియంతయు తల్లిదండ్రులు చేయుదురు. పద్దెనిమిదేండ్లు వచ్చునప్పటికి ఆ బిడ్డయే చేసికొనవలెను. ఈ రెండింటి నడుమ కాలమును ఎట్లు గడుపవలెను?

మన పెండ్లిండ్లలో అప్పగింతలు అను తంతు కలదు. పాలలో తడిపిన బిడ్డ చేతులను అత్తవారి చేతులలో పెట్టుదురు. అది ఒక్క పూటలో కన్నీళ్ళతో ముగియును. మేము చెప్పుచున్న అప్పగింత వేరు. ఇందు బిడ్డను అప్పగించునది మరొకరికి కాదు, ఆ బిడ్డకే. ఇది ఒక్క పూటలో ముగియదు, సంవత్సరములు పట్టును. ఒక్కొక్క పనిగా, ఒక్కొక్క మెట్టుగా జరుగవలెను.

కొన్ని ఇండ్లలో పదునారేండ్ల కుర్రవానికి ఇప్పటికిని తల్లియే సూది వేయును. ఎంత మందో ఆ కుర్రవానికి తెలియదు. మరికొన్ని ఇండ్లలో పన్నెండేండ్లు రాగానే "పెద్దవాడివయ్యావు, నీది నువ్వు చూసుకో" అని ఒక్కసారిగా చేతులు దులుపుకొందురు. మొదటిది ప్రేమవలెను, రెండవది స్వాతంత్ర్యమువలెను కనిపించును. రెండింటను నష్టపోవునది బిడ్డయే. బాధ్యత మొత్తము తొందరపడి మీద వేసిన పిల్లలు సూదులు మానివేయుట ఎక్కువనియు, పెద్దలు తోడుగా నిలిచిన పిల్లల ఆరోగ్యము మెరుగుగా ఉండుననియు వైద్యుల అనుభవము. అప్పగించుట వేరు, వదలివేయుట వేరు.

మా యింట ఈ అప్పగింత ఇట్లు సాగినది. పదవ యేట వ్రేలు పొడిచి పరీక్ష చేసికొనుట ఆమె పని అయినది. మేము ప్రక్కన కూర్చుంటిమి. పండ్రెండవ యేట సూది తానే వేసికొన సాగినది. పెన్నుపై మోతాదు త్రిప్పిన తరువాత మేము ఒకసారి చూచువారము. పదమూడవ యేట పళ్ళెము లెక్క నేర్చినది. పదునాల్గవ యేటినుండి మోతాదు ఎంతయో తానే చెప్పుచున్నది, మేము వినుచున్నాము. ఇప్పుడు వైద్యునియొద్దకు పోయినపుడు మొదట కొంతసేపు ఆమె ఒంటరిగా మాటలాడును. పిమ్మట మేము లోనికి పోవుదుము. ఈ వయస్సులు అందరికిని ఒకటి కావు. జ్వరము వచ్చిననాడును, పరీక్షల దినములలోను కొన్ని పనులను మేము తిరిగి తీసికొనుచుంటిమి. అది ఓటమి కాదని ఆమెకు ముందే చెప్పి ఉంచితిమి.

ఈ వయస్సునకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి కలదు. యౌవనము అంకురించు దినములలో శరీరమున పెరుగుదలకు సంబంధించిన హార్మోనులు ఇన్సులిన్ శక్తిని తగ్గించును. నిన్నటివరకు సరిపోయిన మోతాదు నేడు చాలదు. అదే తిండి, అదే సూది. అయినను తెల్లవారునప్పటికి చక్కెర 250 ఉండును. తప్పు బిడ్డది కాదు, వయస్సుది. ఈ సంగతి తెలియని ఇంట ప్రతి ఉదయమును విచారణయే.

ఇచటనే మా ముఖ్యమైన మాట. మన ఇండ్లలో పరీక్ష ఫలితములు వచ్చిననాడు అడుగు ప్రశ్న ఏది? "ఎంత వచ్చింది?" అని. మీటరు చూచినపుడు అడుగునదియు ఆ ప్రశ్నయే. బిడ్డకు మీటరులోని అంకె కూడ మార్కుగానే వినిపించును. మార్కుల విషయములో భయపడిన బిడ్డ ఏమి చేయునో అందరికిని తెలిసినదే. 260 వచ్చిననాడు పుస్తకములో 130 అని వ్రాయును. ఆ అబద్ధము పట్టుకొని వైద్యుడు మోతాదు నిర్ణయించినచో ముప్పు ఎవరికి? కావున మా యింట ఒక నియమము పెట్టుకొంటిమి. ఆమె బడినుండి రాగానే అంకె అడుగరాదు. మొదట కాఫీ పలహారము, బడి కబుర్లు. అంకె చూచిన పిమ్మట "ఎందుకిలా వచ్చింది?" అని కాక "ఇప్పుడేం చేద్దాం?" అని అడుగవలెను. అంకె తీర్పు కాదు, వార్త. వార్త తెచ్చినవారిని దండింపరాదు.

అట్లని అంకెలను ఉపేక్షింపుడని మేము చెప్పుట లేదు. రక్తములోని చక్కెరను సాధ్యమైనంత అదుపులో ఉంచినచో కండ్లకు, మూత్రపిండములకు, నరములకు కలుగు హాని బాగుగా తగ్గునని 1993లో ప్రకటితమైన అమెరికా పరిశోధన నిరూపించినది. పదునైదేండ్ల బిడ్డకు ముప్పదియేండ్ల తరువాతి కండ్లను గూర్చి చెప్పి భయపెట్టుటవలన ఫలము లేదు. నేటి ఆటలో అలసట లేకుండుట, రేపటి పరీక్షలో తల తిరుగకుండుట, ఇవి ఆమెకు అర్థమగును.

బిడ్డ ఎంత స్వతంత్రమైనను రెండు సందర్భములలో ఒంటరిగా విడువరాదు. మొదటిది చక్కెర పడిపోవుట. 70 కంటె తగ్గినపుడు చేతులు వణకును, చెమటలు పట్టును, మాట తడబడును. వెంటనే 15 గ్రాముల చక్కెరగాని గ్లూకోజుగాని తీసికొనవలెను. చిన్న చెంచాతో మూడు నాలుగు చెంచాలు. పదునైదు నిమిషములకు మరల పరీక్షింపవలెను. స్పృహ తప్పినచో నోటిలో ఏమియు పోయరాదు. ప్రక్కకు తిప్పి పరుండబెట్టి, గ్లూకగాన్ ఉన్నచో ఇచ్చి, ఆసుపత్రికి చేర్చవలెను. రెండవది జ్వరము, వాంతులు. "తినడం లేదుగదా" అని ఇన్సులిన్ మానరాదు. కీటోన్ల పరీక్ష చేసి వైద్యుని అడిగి మోతాదు మార్చుకొనవలెను. వాంతులు ఆగక, బరువుగా ఊపిరి తీయుచు, నోట పండ్ల వాసన వచ్చినచో గంటలు లెక్కింపక బయలుదేరవలెను.

ఈ కారణముచేతనే హాస్టలు విషయమున మా యింట వాదము వచ్చినది. "ఎవరికీ చెప్పొద్దు నాన్నా. చెబితే నన్ను రోగిలా చూస్తారు" అని అమ్మాయి. "చెప్పకపోతే పంపలేమమ్మా" అని మేము. ఇరుగుపొరుగు పెద్దలు ఆమె పక్షమే. "ఆడపిల్ల. నలుగురికీ తెలిస్తే రేపు సంబంధాలు వస్తాయా?" అనిరి. ఇన్సులిన్ వచ్చిన 1922వ సంవత్సరముననే టొరాంటోకు పోయి బాంటింగుచే చికిత్స పొందిన ఎలిజబెత్ హ్యూస్ అను బాలిక కూడ పదునైదేండ్లదే. ఆమె తండ్రి అమెరికా విదేశాంగ మంత్రి. ఆమె తరువాత పెండ్లి చేసికొని, పిల్లలను కని, 73 ఏండ్లు జీవించినది. అయినను తన వ్యాధిని జీవితమంతయు దాదాపు రహస్యముగానే ఉంచినది. మరొకవంక క్రికెట్ ఆటగాడు వసీం అక్రమ్‌కు 1997లో ఈ వ్యాధి బయటపడినది. అతడు దాచలేదు; 1999 ప్రపంచ కప్పులో తన జట్టును ఫైనలువరకు నడిపించెను. ఈ ఇరువురి కథలను అమ్మాయికి చెప్పితిమి. ఎవరు గొప్ప అని అడుగలేదు. హాస్టలు గదిలో రాత్రివేళ చక్కెర పడిపోయినచో ప్రక్క మంచముమీది పిల్లకు ఏమి తెలియవలెనో, అది మాత్రమే అడిగితిమి.

మూడు వారముల తరువాత ఆమెయే మార్గము చెప్పినది. "అందరికీ మీరు చెప్పకండి. ఎవరికి చెప్పాలో వాళ్ళకి నేనే చెబుతాను." వార్డెనుకు, గదిలోని ఇద్దరు పిల్లలకు తానే చెప్పుటకు ఒప్పుకొన్నది. ఎట్లు చెప్పవలెనో మొదట అమ్మమ్మయొద్ద అభ్యాసము చేసినది. "పడిపోతే మొహాన నీళ్ళు చల్లి, కాస్త పాలు పట్టించాలా?" అని ముసలామె అడిగినది. "వద్దు అమ్మమ్మా! నోట్లో ఏమీ పోయకూడదు. పక్కకి తిప్పి పడుకోబెట్టి డాక్టర్ని పిలవాలి" అని మనుమరాలు చెప్పినది. నాలుగవ దినమునకు అమ్మమ్మకు పాఠము వచ్చినది. ఆ పాఠమునే ఇప్పుడు తన చేతివ్రాతతో ఒక కాగితముపై వ్రాసి ఉంచుకొన్నది.

హాస్టలుకు పంపు తల్లిదండ్రులు చూచుకొనవలసిన సంగతులు మరికొన్ని కలవు. విప్పని ఇన్సులిన్‌ను 2 మొదలు 8 డిగ్రీల చలిలో ఉంచవలెను, గడ్డ కట్టనీయరాదు. మన వేసవిలో గది వేడి 40 డిగ్రీలు దాటును. ఫ్రిజ్ అందుబాటులో లేనిచో నీటితో తడిసిన మట్టికుండ కొంత మేలు చేయును. పరీక్షల గదిలోనికి మీటరును, తినుబండారమును తీసికొనిపోవుటకు ముందుగానే వ్రాతపూర్వకమైన అనుమతి పొందవలెను. మధుమేహము గల విద్యార్థులకు తినుబండారము తీసికొనిపోవు వెసులుబాటును కేంద్ర మాధ్యమిక విద్యా బోర్డు 2017లోనే కల్పించినది. ఇతర బోర్డుల బడులలోను, కళాశాలలలోను అడిగి తెలిసికొనవలెను.

ఇప్పుడు చర్మమునకు అంటించు సెన్సారులు వచ్చినవి. బిడ్డ చక్కెర దూరముననున్న తల్లిదండ్రుల ఫోనులో కనిపించును. కొనగలిగినవారికి అది గొప్ప ధైర్యము. కాని గంటగంటకు చూచి ఫోను చేసినచో అప్పగించిన దానిని దొంగతనముగా తిరిగి తీసికొన్నట్లే. ఏ అంకె కంటె తగ్గినపుడు ఫోను చేయవలెనో ముందే మాట అనుకొనవలెను. తక్కినది ఆదివారము సాయంత్రము తీరికగా మాటలాడుకొనవచ్చును.

ఆరేండ్లుగా రాత్రి రెండు గంటలకు లేచి, నిద్రించు బిడ్డ వ్రేలు పొడిచి చూచుట మాలో ఒకరి పని. జూను నెలలో ఆమె విజయవాడకు పోవును. ఆ తరువాతను ఆ గంటకు మాకు మెలకువ రాక మానదు. చేయుటకు పని మాత్రము ఉండదు. ఆ పని ఆమెది అయినది. మెలకువ మాకు మిగిలినది. ఇది ప్రతి తల్లికిని తండ్రికిని ఏదో ఒక రూపమున వచ్చునదే. మాకు గడియారముతో సహా వచ్చినది.

ఈ వ్యాధి గల బిడ్డ మీ యింట ఉన్నచో, పద్దెనిమిదేండ్లు వచ్చిననాడు చూచుకొందమని ఆగవలదు. ఈ వారములోనే ఒక్క పనిని ఎంచుకొనుడు. మీటరు సంచి సర్దుట కావచ్చును, పళ్ళెములోని అన్నము లెక్క కావచ్చును. దానిని బిడ్డకు అప్పగించి, ప్రక్కన కూర్చుండుడు. చేయి చాపకుడు, లేచి పోకుడు.