కత్తి పట్టని కాంతారావు
(డిండోలి, సూరత్‌లో చేసిన కాంతారావు స్మారకోపన్యాసం)



సూరత్‌లో నిలబడి సాహస చిత్రాల గురించి మాట్లాడేటప్పుడు ముందు వాడియాల పేరు ఎత్తడం మర్యాద. ఓడలు కట్టడంలో చెయ్యి తిరిగిన లవ్‌జీ నస్సర్వాన్‌జీ వాడియా 1736లో ఈ ఊరినుంచే బొంబాయి వెళ్లాడు. ఆయన వంశంలోవాళ్లే జె.బి.హెచ్. వాడియా, హోమీ వాడియా అనే అన్నదమ్ములు. 1933లో వాడియా మూవీటోన్ పెట్టారు. 1935లో 'హంటర్‌వాలీ' తీసి నాడియా అనే నటి చేతికి కొరడా ఇచ్చారు. అమెరికాలో డగ్లస్ ఫెయిర్‌బాంక్స్ ముసుగు కట్టుకుని కత్తి తిప్పిన పదిహేనేళ్లకు ఆ ఊపు మన దేశంలో ఇలా జనంలోకి వచ్చింది. మన జానపద చిత్రాలకు వేర్లు బుర్రకథలో, యక్షగానంలో, సురభి నాటకాల్లో ఉన్నాయి, నిజమే. అయినా గుర్రమెక్కి దూకే కథానాయకుడికి తెరమీద దారి వేసినవాళ్లలో సూరత్ మూలాలవాళ్లూ ఉన్నారని మీ పిల్లలకు తెలియాలి.

ఇక మన కథానాయకుడు. తాడేపల్లి లక్ష్మీకాంతారావు 1923 నవంబరు 16న కోదాడ దగ్గర గుడిబండలో పుట్టారు. అప్పటి నల్గొండ జిల్లా, ఇప్పుడు సూర్యాపేట. నల్గొండ నుంచి, వరంగల్, కరీంనగర్ నుంచి నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, సాంచల (మరమగ్గాల) మీద బతుకు వెతుక్కుంటూ వచ్చిన ఇళ్లు ఈ చుట్టుపక్కల ఎన్ని ఉన్నాయో నాకంటే మీకే బాగా తెలుసు. కాంతారావు మాత్రం మద్రాసు రైలెక్కారు. నాటకాల పిచ్చి తప్ప చేతిలో వేరే పెట్టుబడి లేదు. మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' తీసిన హెచ్.ఎం. రెడ్డి ఆయనకు 'నిర్దోషి'లో చిన్న వేషమిచ్చి, 1953లో 'ప్రతిజ్ఞ'కు ఏకంగా హీరోను చేశారు. ఆ చిత్రంతోనే రాజనాల ప్రతినాయకుడిగా వచ్చాడు. ఆ తర్వాత ఎన్ని సినిమాల్లో వీళ్లిద్దరి కత్తులు కలుసుకున్నాయో లెక్కపెట్టే ఓపిక నాకు లేదు.

'కత్తి' కాంతారావు అన్న పేరు బి. విఠలాచార్య సినిమాలతో స్థిరపడింది. 'జయవిజయ', 'గురువును మించిన శిష్యుడు', 'నవగ్రహ పూజా మహిమ', 'జ్వాలాద్వీప రహస్యం' – పేరు వింటేనే నేల టిక్కెట్టు వాసన వస్తుంది. విఠలాచార్య కన్నడదేశం నుంచి వచ్చిన పొదుపరి. ఒకే రాజమహలు సెట్టు నాలుగు రాజ్యాలకు సరిపోయేది. కాల్షీటు ఇవ్వకుండా సతాయించిన నటుణ్ణి చిలకనో మేకనో చేసి కథ నడిపించేవాడని పరిశ్రమలో ఒక ముచ్చట ఉంది. నిజమో కాదో గానీ, ఆయన సినిమాలు చూసినవాళ్లెవరూ కాదనలేరు.

ఈ చౌక మాయాజాలంలో నటుడి పని ఎంత కష్టమో ఎవరూ చెప్పరు. తెరమీద ముసలమ్మ పాముగా మారాలంటే కెమెరా ఆపాలి, ఆమెను పక్కకు తప్పించాలి, అక్కడ పామును పెట్టాలి, మళ్లీ తిప్పాలి. అంతసేపూ పక్కనున్న హీరో కత్తి ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచి నిలబడాలి. కాస్త వంగినా తెరమీద గెంతు కనిపిస్తుంది. రాక్షసుణ్ణి వేరే రోజు విడిగా తీసి ఈ బొమ్మతో కలుపుతారు; అప్పటిదాకా హీరో ఖాళీ గాలివైపు తలెత్తి చూసి భయపడాలి, కోపపడాలి. కాంతారావు గారు ఆ గాలిని నమ్మారు. ఇదంతా వేళాకోళమేలే అన్న చిరునవ్వు ఆయన పెదవి మీదికి ఎప్పుడూ రాలేదు. ఆయన నవ్వి ఉంటే హాలంతా నవ్వేది, సినిమా అక్కడికక్కడే కూలిపోయేది.

అయినా 'కత్తి' అన్న ఆ బిరుదు ఆయనకు సగమే న్యాయం చేసిందని నా అభిప్రాయం. మిగతా సగం చూడాలంటే కత్తి లేని వేషాలు చూడాలి. 'దీపావళి', 'సీతారామ కల్యాణం', 'శ్రీకృష్ణార్జున యుద్ధం' – వీటిలో ఆయన నారదుడు. తగవు పెట్టి తప్పుకునే ఆ పాత్రను చాలామంది హాస్యగాడి పాత్రలా ఆడేశారు. కాంతారావు నారదుడు ఎదుటివాడి మాట పూర్తిగా వింటాడు. ఆ వినడంలోనే తర్వాత రాబోయే తగవు ఉంటుంది. ఇక 1963లో 'లవకుశ'. లక్ష్మణుడు. అన్న ఆజ్ఞ శిరసావహించి వదినను అడవిలో దిగవిడిచి రావలసినవాడు. గుర్రం మీద కొండలు దూకిన మనిషి ఆ సన్నివేశంలో కదలకుండా నిలబడటం ఎంత బరువో చూపించారు. పక్కన ఎన్టీ రామారావు రాముడు, అంజలీదేవి సీత. ఆ ఇద్దరి మధ్య రెండో స్థానంలో ఉండి కూడా చిన్నబోకపోవడం తేలిక పని కాదు. 'జయసింహ'లో తమ్ముడి వేషం నాటినుంచీ ఆ స్థానం ఆయనకు అలవాటే.

ఆయన చివరి దశ గురించి జాలిపడటం మనకొక రివాజయింది. నాకు ఆ జాలి నచ్చదు. ముందు జరిగిందేమిటో చూద్దాం. 1966లో 'గూఢచారి 116' వచ్చింది, 1971లో 'మోసగాళ్లకు మోసగాడు' వచ్చింది. సాహసం కత్తిని వదిలి పిస్తోలు పట్టుకుంది, కృష్ణ చేతికి వెళ్లింది. రంగుల చిత్రాలతో ఖర్చు పెరిగాక జానపదాలు తీసే నిర్మాతలు తగ్గారు. సరిగ్గా ఆ మలుపులో కాంతారావు గారు సొంత డబ్బుతో నిర్మాత అయ్యారు: 1969లో 'సప్తస్వరాలు', ఆ తర్వాత మరికొన్ని, 1989లో 'స్వాతిచినుకులు'. ఆస్తి కరిగిపోయింది. దీన్ని విధి అనకండి. కత్తియుద్ధం నేర్చినవాడికి సినిమా వ్యాపారం నేర్పేవాళ్లు ఆ రోజుల్లో లేరు, అంతే. ఆ తర్వాత కూడా ఆయన చిన్న వేషాలు వేశారు, టీవీ సీరియళ్లలో కనిపించారు, పని మానలేదు. నాలుగు వందలకు పైగా సినిమాలు అలా అయినవే. 2000 సంవత్సరానికి రఘుపతి వెంకయ్య పురస్కారం వచ్చింది. 2009 మార్చి 22న హైదరాబాదులో కన్నుమూశారు.

సభ నిర్వాహకులు నన్నొక సలహా అడిగారు. ఇక్కడి తెలుగు బడి పిల్లలకు ఆయన సినిమా ఒకటి వేసి చూపిస్తే ఏది బాగుంటుందని. మొదటిరోజు 'జ్వాలాద్వీప రహస్యం' వేయండి, పిల్లలు ఈలలు వేస్తే ఆపకండి. మర్నాడు 'లవకుశ' వేయండి. రెండింట్లో ఉన్నది ఒకే మనిషని మీరు చెప్పొద్దు, వాళ్లనే కనిపెట్టనివ్వండి.